కుళాయి కబుర్లు రాసేదెవరు

సీసాలక్కకి పంటి నొప్పి లేదు. అయినా సోమవారం సాయంత్రం పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో, చేపల తొట్టి పక్క కుర్చీలో కూర్చుని దవడ పట్టుకుని మూలుగుతోంది. మూలుగుల మధ్యలో ఫోనులో టైపు చేస్తోంది. పక్కనున్న పెద్దమనిషికి గుండె కరిగిపోయి, తన వంతు ఆమెకి ఇచ్చి ముందుగా లోపలికి పంపించేశాడు. ఆయన జాలి పుణ్యమా అని, రాయిలాంటి పన్నొకటి అరగంట సేపు గీకించుకోవాల్సి వచ్చింది. అజ్ఞాతంగా బతకడం అంటే జనం అనుకున్నంత సుఖమేమీ కాదు.

సీసాలక్క నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నమూనాలు తెచ్చే మనిషి. ఇరవై రెండేళ్ళుగా వార్డు వార్డూ తిరుగుతోంది. కుళాయి మూతి మీది క్రిములు చచ్చేలా మంటతో కాల్చడం, రెండు నిమిషాలు నీళ్ళు వదిలేయడం, గాజు సీసా నింపి మూత బిగించి ఐసు పెట్టెలో పెట్టుకోవడం, మళ్ళీ ఇంకో వీధి. నడుస్తుంటే పెట్టెలో సీసాలు గలగలమంటాయి. ఆ చప్పుడే ఆమెకి ఆ పేరు తెచ్చిపెట్టింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

పది నెలల కిందట ఈవిడ 'కుళాయి కబుర్లు' అని ఒక పేజీ తెరిచింది. ఆ సంగతి ఆమెకి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ప్రతి సోమవారం సాయంత్రం ఆ వారం నీటి పరీక్షల అంకెలు వార్డుల వారీగా అందులో పడతాయి. అంకెల పక్కనే ఆమె నోటి దురుసు కూడా పడుతుంది. "మూడో వార్డు: నీళ్ళు బాగున్నాయి. ఏదో పొరపాటు జరిగింది, శాఖ తరఫున క్షమించండి." "పన్నెండో వార్డు: క్లోరిన్ దండిగా ఉంది. బట్టలు తెల్లబడతాయి, మీరూ తెల్లబడతారు." "తొమ్మిదో వార్డు: చిన్న గ్లాసుడు నీళ్ళలో ఉండాల్సిన క్రిములు సున్నా, ఉన్నవి ముప్పై ఎనిమిది. కొత్త పైపులైనుకి రిబ్బను కత్తిరించిన పెద్దలకి ముప్పై ఎనిమిది చప్పట్లు. మీరు మాత్రం మరగబెట్టుకుని తాగండి." ఊళ్ళో సగం మంది ఆ పేజీ చూస్తారు. మిగతా సగం మంది చూడనట్టు నటిస్తారు, వాళ్ళు ప్రభుత్వోద్యోగులు.

ఇంత పని ఎందుకు నెత్తికెత్తుకుందంటే, ఒకే ఒక్క మాట వల్ల. ప్రయోగశాలలో పరీక్షలు నిజాయితీగానే జరుగుతాయి. ఆమె తెచ్చే సీసాల మీద వీధుల పేర్లుంటాయి. ప్రయోగశాల అధికారి ఆ పేర్లు పీకేసి అంకెలు అంటిస్తాడు. ఏ అంకె ఏ వీధిదో రాసిన రిజిస్టరు ఆయన బీరువాలో ఉంటుంది. పరీక్ష చేసే ఇద్దరికీ అంకె తప్ప ఏమీ తెలియదు. వారం చివర అన్నీ కలిపి వార్డుల పేర్లతో ఒక పట్టిక తయారవుతుంది, నలుగురూ సంతకాలు పెడతారు, అది పై ఆఫీసుకి వెళుతుంది. అక్కడ ఏ మాయ జరుగుతుందో గానీ, జనానికి చేరేసరికి అంకెలన్నీ ఆవిరైపోయి ఒక్క మాట మిగులుతుంది: సంతృప్తికరం. తొమ్మిదో వార్డు పిల్లలు వాంతులతో ఆస్పత్రి వరండాల్లో పడుకున్న వారం కూడా సంతృప్తికరమే. ఎవరి సంతృప్తో మాత్రం రాయలేదు.

ఆ వారం సీసాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ బల్ల గుద్ది అడిగే ధైర్యం లేదు. కొత్త చట్టం ఒకటి వచ్చింది. శాఖ అంకెలు బయటపెట్టిన వాళ్ళకి ఉద్యోగం పోవడమే కాదు, మూడేళ్ళు జైలు కూడా. ఆమెకి జైలంటే భయం, ఉద్యోగం పోవడమంటే ఇంకా భయం. ఆ రెండు భయాలనీ పక్కన పెట్టుకునే పని మొదలుపెట్టింది.

జాగ్రత్తల విషయంలో మాత్రం ఎవరూ ఆమెని వేలెత్తి చూపలేరు. సిమ్ము లేని పాత ఫోనొకటి సంతలో కొంది. అందులో ఎక్కడి నుంచి పంపుతున్నారో తెలియకుండా ముసుగేసే యాప్ పెట్టింది. దాన్ని ఎలా వాడాలో నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. పట్టికని ఫొటో తీసి పెట్టదు. ఫొటోలో తీసిన చోటు ఉంటుంది, సమయం ఉంటుంది, కాగితం మీద వేలి నీడ కూడా ఉంటుంది, అన్నీ చాడీలు చెప్పేవే. అంకెలు బట్టీ పట్టి తనే టైపు చేస్తుంది. ఒక్కో వారం ఒక్కో చోట కూర్చుంటుంది. ఇలా ఊళ్ళో ఆమె అవసరం లేకుండా దర్శించని చోటు లేదు. రెండుసార్లు కంటి పరీక్ష చేయించుకుంది, ఒకసారి పెళ్ళిసంబంధాల కేంద్రంలో గంటన్నర కూర్చుని లేని కూతురికి సంబంధాలు చూసింది.

మొగుడికి చెప్పలేదు. ఆయన మంచివాడే, చిక్కంతా అక్కడే ఉంది. ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం దగ్గర పని. తిన్నదీ తుమ్మినదీ చెప్పు తెగినదీ ఫొటో తీసి లోకానికి చూపించకపోతే ఆయనకి అరగదు. ఆయనకి రహస్యం చెప్పడం కంటే మైకులో చెప్పడం నయం, మైకుకైతే అప్పుడప్పుడు కరెంటు పోతుంది.

ఇక అత్తగారు. సోమవారం సాయంత్రం సీసాలక్క తన సొంత ఫోనుని అత్తగారి చేతిలో పెట్టి, సీరియల్ పెట్టి మరీ బయల్దేరుతుంది. దాంతో ప్రభుత్వం లెక్కలో ఈవిడ ఆ రెండు గంటలూ ఇంట్లో కూర్చుని కోడళ్ళ కష్టాలు చూసి ఏడ్చే మనిషి. అత్తగారి అనుమానం మాత్రం వేరే దారిలో పోతోంది.

"పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరైనా నవ్వుకుంటూ వెళ్ళి నవ్వుకుంటూ వస్తారా అమ్మాయ్?" అని అడిగింది ఆ రోజు.

"పన్ను బాగైంది కదా అత్తయ్యా, అందుకు."

"బాగైంది పన్నేనా?" అంది అత్తగారు, కళ్ళు సీరియల్ మీంచి తిప్పకుండానే.

ఆ పన్ను గీకుడు జరిగిన మూడో రోజున నిఘా విభాగం నుంచి ఒకాయన ప్రయోగశాలకి వచ్చాడు. వయసు ముప్పై దాటి ఉండదు. ఎంత మర్యాద! తలుపు తోసే ముందు తట్టాడు, బూట్లు తుడుచుకున్నాడు. ముఖంలో సగభాగం కళ్ళజోడే. ఆయన కుర్చీలో సర్దుకునే లోపే వీళ్ళు ఆయనకి కళ్ళజోడు అని పేరు పెట్టేశారు.

"ఆ పేజీలో వచ్చే అంకెలు మీ నలుగురి దగ్గరే ఉంటాయి," అన్నాడు కళ్ళజోడు. "ఎవరినీ అనుమానించట్లేదండి. నలుగురినీ సమానంగా చూస్తాం. ఫోన్లు ఇలా పెట్టండి."

నలుగురూ పెట్టారు. ఆ మధ్యాహ్నమంతా ఆయన చిన్న యంత్రానికి ఒక్కో ఫోనూ తగిలించి లోపలున్నదంతా తోడి చూశాడు. ముందు ప్రయోగశాల అధికారిది. ఈయన్ని అందరూ పెద్దాయన అంటారు. పదవీ విరమణకి పద్నాలుగు నెలలుంది, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన ఫోనులో పదకొండు వేల శుభోదయం పువ్వులు బయటపడ్డాయి. ఎందుకు తీసేయలేదని అడిగితే, "తీసేయొచ్చని ఎవరూ ఆర్డరివ్వలేదు కదండీ," అన్నాడు. తర్వాత చుక్కల బాబాయ్ ఫోను. ఈయన క్రిములు లెక్కపెట్టేవాడు. చిన్న పళ్ళేల్లో క్రిములు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి, పెన్నుతో ఒక్కోటీ గుర్తు పెట్టుకుంటూ లెక్కిస్తాడు. ఆయన ఫోనులో సొంత బట్టతల ఫొటోలు నాలుగు వందలు, తేదీల వారీగా. వెంట్రుకలు పెరుగుతున్నాయేమోనని పరిశోధన. కొత్తమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది, ఆమె తర్వాత ఎవరినీ వేసుకోలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే. ఎవరికో పంపాలని రికార్డు చేసి పంపని ఏడుపులు ఆమె ఫోనులో ముప్పై ఒకటున్నాయి. కళ్ళజోడు అన్నీ చివరిదాకా విన్నాడు. కొత్తమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది. సీసాలక్కకి అప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆ పిల్లది, దానికీ నీళ్ళ పైపులకీ ఏం సంబంధం?

"దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకి భయమెందుకండీ?" అన్నాడు కళ్ళజోడు, ఆ ఫోను పక్కన పెడుతూ.

చుక్కల బాబాయ్ లేచి అల్మరాలోంచి ఒక సీసా తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. "దీని మీద పేరుందా బాబూ?"

"లేదు. నంబరుంది."

"ఎందుకో తెలుసా? పేరుంటే నా చెయ్యి వంకరపోతుంది. ఇది కమిషనర్ గారి వీధి నీళ్ళని తెలిస్తే నా కంటికి నాలుగు చుక్కలు తక్కువ కనపడతాయి. మా తోడల్లుడి వీధని తెలిస్తే నాలుగు ఎక్కువ కనపడతాయి. పేరు పీకేస్తేనే నేను నిజం చెబుతాను. మరి ఈ సీసా దొంగదా?"

"అది నీళ్ళ సంగతండి. నేను మాట్లాడేది మనుషుల గురించి."

"మనిషిలో ముప్పాతిక నీళ్ళేగా బాబూ."

కళ్ళజోడు నవ్వలేదు. బాబాయ్ పేరు పక్కన ఏదో గీసుకున్నాడు. చివరికి సీసాలక్క ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"మేడం, మీరు ఈ ఎపిసోడ్ ఒకటే మూడుసార్లు చూశారు."

"ఆ కోడలి కష్టాలు ఒకసారి చూస్తే అర్థమయ్యేవి కాదండీ."

"మోకాళ్ళ నొప్పుల గురించి కూడా చాలా వెతికారు. ఈ వయసులోనే?"

"కుళాయిల దగ్గర వంగీ లేచీ," అంది సీసాలక్క. అత్తగారి మోకాళ్ళకి మనసులోనే దండం పెట్టుకుంది.

ఆయన ఫోన్లు తిరిగిచ్చేసి, మళ్ళీ బూట్లు తుడుచుకుని వెళ్ళిపోయాడు. బయటికి వెళుతూ ఎందుకు తుడుచుకున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

మరుసటి వారం నుంచి కొత్త ఏర్పాటు అమల్లోకి వచ్చింది. ఇదివరకు పట్టిక ఒకే కాగితం మీద తయారై నలుగురి చేతులూ మారేది. ఇకపై అంకెలన్నీ పై ఆఫీసు కంప్యూటరే కలిపి పంపుతుంది, ఎవరి పట్టిక వాళ్ళ కంప్యూటర్లో, ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్ళే తెరిచి చూసుకోవాలి. భద్రత కోసమట. సోమవారం తొమ్మిదింటికి సీసాలక్క తన పట్టిక తెరిచింది. తొమ్మిదో వార్డు నలభై ఎనిమిది. పోయిన వారం కంటే ఎక్కువే. చూడగానే కబురు కూడా తయారైపోయింది: "తొమ్మిదో వార్డు: నలభై ఎనిమిది. ఇంకో రెండు పెరిగితే అర్ధశతకం, శాఖకి ముందస్తు అభినందనలు." తన తెలివికి తనే మురిసిపోయి, అంకెలన్నీ వరసగా బట్టీ పట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం పోస్టాఫీసు వరండాలో కూర్చుని పెట్టేయాలనుకుంది.

ఇక్కడ ప్రయోగశాల అలవాటొకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఎవరో పట్టికలో దశాంశ బిందువు ఒక చోట పెట్టబోయి ఇంకో చోట పెట్టారు. దాంతో ట్యాంకులో పదింతలు క్లోరిన్ పడి, ఊళ్ళో రంగు చీరలన్నీ ఒక్క ఉతుకులో వెలిసిపోయాయి. ఆడవాళ్ళు ఆ చీరలు పట్టుకొచ్చి ఆఫీసు గేటుకి వేలాడదీశారు. అప్పటి నుంచీ ఇక్కడ పైకి చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పడదు. పదకొండింటికి టీ వస్తుంది, ఒకరు బిగ్గరగా చదువుతారు, మిగతావాళ్ళు తమ ముందున్న కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెడుతుంటారు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, ఏ కంప్యూటర్లోనూ లేదు. అందుకే ఎవరి ఫోను తోడినా కళ్ళజోడుకి ఇది దొరకలేదు.

ఆ సోమవారం చదివే వంతు చుక్కల బాబాయ్‌ది. నలుగురూ తమ తమ పట్టికలు ప్రింటు తీసుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు.

"ఏడో వార్డు, సున్నా. ఎనిమిదో వార్డు, రెండు. తొమ్మిదో వార్డు, నలభై ఆరు."

సీసాలక్క పెన్సిలు ఆగిపోయింది.

"నలభై మూడు కదా బాబాయ్?" అంది కొత్తమ్మాయి.

"నలభై ఆరమ్మా. కళ్ళున్నాయి నాకు."

"నా దాంట్లో నలభై ఒకటుందే," అన్నాడు పెద్దాయన, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని.

ముగ్గురూ సీసాలక్క వైపు చూశారు. "నలభై ఎనిమిది," అంది ఆమె.

మిగతా వార్డులన్నీ అక్షరాలా కలిశాయి. ఆ ఒక్క గడిలో మాత్రం నలుగురికీ నాలుగు అంకెలు. టీలు చల్లారిపోతున్నాయి. ముందు కొత్తమ్మాయికి అర్థమైంది, తర్వాత బాబాయ్‌కి. ఎవరి అంకె పేజీలో కనపడితే వాళ్ళే దొంగ. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడలేదు. సీసాలక్క కూడా కాగితం మీంచి తల ఎత్తలేదు.

ఆమెకి భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గేసేంత భయం. చంకల్లో చెమట పట్టింది. సిమ్ము తీసేసింది, ముసుగు వేసింది, చోటు మార్చింది, పన్ను గీకించుకుంది. ఇన్ని చేసి, ఆ నలభై ఎనిమిదిని తన చేత్తోనే టైపు చేసి ఊరికి చూపించబోయింది. అంటే తన సంతకం తనే పెట్టబోయింది. చదివే అలవాటే లేకపోతే సాయంత్రానికి ఆమె కథ ముగిసేది.

"అంకెలు కలవలేదు," అన్నాడు పెద్దాయన. కలవని అంకెల మీద సంతకం పెట్టమంటే ఆయన ప్రాణమైనా ఇస్తాడు గానీ సంతకం ఇవ్వడు. లేచి బీరువా తెరిచి, అట్ట ఊడిన రూలు పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. "ఒకే నమూనాకి వేరు వేరు ఫలితాలు నమోదైనచో సదరు ఫలితములు రద్దు. మూడు దినములలోగా, ఆ వీధిలో నోటీసు అంటించి, వినియోగదారుల ఎదుట మరల నమూనా తీయవలెను. ఫలితమును అదే స్థలమున బహిరంగముగా అంటించవలెను."

"సార్," అంది కొత్తమ్మాయి మెల్లగా, "ఇది కంప్యూటర్ తప్పు కాదేమో సార్."

"కంప్యూటర్ తప్పు కాకపోతే ఎవరిదో ఆ ఎవరో నాకు రాసివ్వాలి. కాగితం లేకుండా నేనేదీ నమ్మనమ్మా." కూర్చుని ఉత్తరం రాశాడు. నాలుగు కాగితాలూ జతచేసి కమిషనర్‌కి ఒక ప్రతి, ఆరోగ్యాధికారికి ఒక ప్రతి, వార్డు ఆఫీసు నోటీసు బోర్డుకి ఒక ప్రతి పంపించాడు. ఇదంతా అమాయకత్వమో అతి తెలివో సీసాలక్క ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది. ఆయన ముఖంలో పదకొండు వేల పువ్వులు దాచిన మనిషి తప్ప ఎవరూ కనపడలేదు.

ఆ సాయంత్రం కుళాయి కబుర్లు రాలేదు. పది నెలల్లో మొదటిసారి. పాత కబుర్ల కింద జనం అడుగుతున్నారు: "ఏమైంది?" "పట్టుకుపోయారా?" "మావాళ్ళంతా ఎదురుచూస్తున్నారండీ, ఒక్క మాట పెట్టండి." సీసాలక్క పోస్టాఫీసు వరండాలో కూర్చుని అవన్నీ చదివి, ఏమీ రాయకుండా ఇంటికి వచ్చింది. నవ్వకుండా వచ్చినందుకు అత్తగారు ఆ రోజు ఏమీ అడగలేదు.

మంగళవారం తెల్లారగానే కళ్ళజోడు పరుగెత్తుకొచ్చాడు. ఈసారి బూట్లు తుడుచుకోలేదు.

"ఆ ఉత్తరం వెనక్కి తీసుకోండి సార్."

"ఎందుకండీ?"

"ఆ తేడా అనేది... సాంకేతికంగా అది తేడా కాదు... మాదొక పద్ధతి ఉంటుంది..." అంటూ నీళ్ళు నమిలాడు.

"అలాగేనండీ," అన్నాడు పెద్దాయన ఎంతో వినయంగా. "తేడా కాదని మీరు రాసివ్వండి. ఎందుకు కాదో కూడా రాయండి. వెంటనే వెనక్కి తీసుకుంటాను."

కళ్ళజోడు రాసివ్వలేడు. వల పన్నడం రహస్యం, పన్నమన్న ఆర్డరు ఇంకా పెద్ద రహస్యం. "అయితే నేనూ వస్తాను," అన్నాడు.

గురువారం ఉదయం నలుగురూ, ఆయనతో కలిపి ఐదుగురు, శాఖ జీపులో తొమ్మిదో వార్డుకి బయల్దేరారు. కళ్ళజోడు సీసాలక్క పక్కనే కూర్చున్నాడు. ఐసు పెట్టె ఇద్దరి మధ్యా ఉంది.

"మీకు చెప్పొచ్చు మేడం, మీరు అలాంటివారు కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఇవాళ ఆ రాసేవాళ్ళు గెలిచినట్టే. ఫోను దాచొచ్చు, పేరు దాచొచ్చు. గెలిచిన రోజున ముఖం దాచలేరు. నేను చూడబోయేది ముఖాలే."

ముఖానికి ముసుగేసే యాప్ సీసాలక్క దగ్గర లేదు.

వీధి కుళాయి చుట్టూ రెండు వందల మంది ఉన్నారు. బిందెలు పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళలో ఆమె సీసా నింపుతుంటే ఎవరూ ఇలా చూడలేదు. దీపం వెలిగించి కుళాయి మూతిని కాల్చింది. నీళ్ళు వదిలింది. రెండు నిమిషాలు వీధి మొత్తం ఊపిరి బిగబట్టి ఆ నీళ్ళనే చూసింది. సీసా నింపి మూత బిగిస్తుంటే పెద్దాయన ఇద్దరు వీధివాళ్ళ చేత దాని మీద సంతకాలు పెట్టించాడు. ఆ సీసాలో అరవై ఒకటి తేలడం, రెండు రోజుల తర్వాత ఆ అంకెని నోటీసు పెట్టిన గోడ మీదే అంటించక తప్పకపోవడం, ఆ నెలాఖరుకి పైపులు తవ్వక తప్పకపోవడం తర్వాతి సంగతి. ఆ క్షణంలో మాత్రం సీసాలక్కకి ఒకటే తెలుసు. సంతోషం పొట్టలోంచి పైకి తన్నుకొస్తోంది. పెదవులు వాటంతటవే సాగిపోతున్నాయి. తల ఎత్తితే ఎదురుగా రెండు అద్దాలు, ఆమె మీదే.

సరిగ్గా అప్పుడే గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. మెడలో కొలతల టేపు, జాకెట్టుకి గుచ్చిన సూదులు. బట్టలు కుట్టే మనిషి.

"ఏమ్మా, నిన్నే! ఈ వీధికి ఎన్నాళ్ళ నుంచి వస్తున్నావు నువ్వు?"

"ఇరవై రెండేళ్ళు."

"ఇరవై రెండేళ్ళు! సీసాలు నింపుకుని గలగలమంటూ పోయావు. మా నీళ్ళలో ఏముందో ఒక్క రోజంటే ఒక్క రోజు నోరు తెరిచి చెప్పావా? నా కొడుకు ఆరు రోజులు సెలైను మీద ఉన్నాడు. ఆ వారం కూడా వచ్చావు. నేను చూశాను. నా గుమ్మం ముందు నుంచే వెళ్ళావు. ఒక్క మాట చెప్పావా?"

ఆ వారం వచ్చిన మాట నిజం. ఆ గుమ్మం గుర్తుంది. లోపల ఖాళీ మంచం గుర్తుంది. చెప్పకుండా తల వంచుకుని వెళ్ళడం కూడా గుర్తుంది. పేజీ తెరిచింది ఆ తర్వాతే.

"ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి," అంది కుట్టే ఆవిడ, ఇప్పుడు అందరికీ వినపడేలా. "మాకేమవుతారు? ఏమీ కారు. వాళ్ళకి భయం లేదా? ఉంటుంది. అయినా చెప్పారు. వాళ్ళు చెబితే మా పిల్లలు బతికారు. ముక్కూ మొహం తెలిసినదానివి, ఇంత దగ్గరి దానివి, నువ్వు చేసిందేంటి? జీతం తీసుకున్నావు. సిగ్గులేదూ?"

వీధి వీధంతా ఆమెని చూస్తోంది. నేనేనమ్మా, ఆ ముక్కూ మొహం లేనిది నేనే. మాట నాలుక చివరికి వచ్చేసింది. ఈ రెండు వందల మందిలో ఒక్కరికి తెలిసినా చాలనిపించింది. ఒక్కరు, ఈవిడ ఒక్కతె. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముఖం కందగడ్డలా అయింది. నవ్వన్నది ఎటు పోయిందో పోయింది.

కళ్ళజోడు గబగబా మధ్యలోకి వచ్చాడు. "పోనీలెండమ్మా, వదిలేయండి. ఈ మేడంకి ఇవేం తెలుస్తాయి? పాపం, ఇల్లూ, సీరియల్సూ, మోకాళ్ళ నొప్పులూ. ఆవిడ వల్ల ఏమవుతుంది చెప్పండి." జేబులోంచి చిన్న పుస్తకం తీసి, సీసాలక్క చూస్తుండగానే, ఒక పేరు మీద గీత కొట్టేశాడు. ఆ గీతలో జాలి కూడా ఉంది.

సీసాలక్క నాలుక మీది మాటని మింగింది. అది దిగడానికి చాలాసేపు పట్టింది.

"తప్పయిందమ్మా," అంది.

"తప్పయిందంటే సరిపోతుందా? నోరు మూసుకుని కూర్చున్నందుకు నీ మీద కమిషనర్‌కి ఫిర్యాదు రాస్తాను. పేరు చెప్పు నీది."

సీసాలక్క కళ్ళు తుడుచుకుని పేరు చెప్పింది. ఆవిడ బిల్లుల పుస్తకంలో రాసుకుంటుంటే ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పింది, ఉద్యోగి నంబరు కూడా వేయమంది. రాసింది సరిగ్గా ఉందో లేదో వంగి చూసుకుని, ఐసు పెట్టె భుజాన వేసుకుంది.